అంతర్యుద్ధానికి ముందు నలభై ఏళ్ల అమెరికా రాజకీయాలను ఎలా చదవాలి

అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు అడిగితే పోటీ పరీక్షల గైడ్లు సాధారణంగా ఒక జాబితా ఇస్తాయి: మిస్సోరీ రాజీ, 1850 రాజీ, కాన్సాస్–నెబ్రాస్కా చట్టం, డ్రెడ్ స్కాట్ తీర్పు, లింకన్ ఎన్నిక, ఫోర్ట్ సమ్టర్. జాబితాలో తప్పేమీ లేదు, కానీ దాన్ని కంఠస్థం చేసినవారికి కూడా రెండు ప్రశ్నలకు జవాబు దొరకదు. 1787లో రాజ్యాంగం రాసుకున్న నాటి నుంచీ ఉన్న బానిసత్వం 1861లోనే ఎందుకు యుద్ధానికి దారితీసింది? అప్పటికే బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్లనని బాహాటంగా చెప్పిన అభ్యర్థి గెలవగానే ఏడు రాష్ట్రాలు దేశాన్ని ఎందుకు వదిలిపోయాయి? ఈ రెండింటికీ సొంతంగా జవాబు చెప్పుకోగలిగేలా ఆ కాలాన్ని చదివే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను. సివిల్స్ మెయిన్స్ కోసం ప్రపంచ చరిత్ర చదివేవారికీ, అమెరికాలో స్థిరపడి అక్కడి బడుల్లో చదువుకునే పిల్లల సందేహాలు తీర్చవలసివచ్చే తల్లిదండ్రులకూ ఇది ఉపయోగపడుతుంది.

ముందుగా ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసుకోవాలి. మొదటి గడిలో సంవత్సరమూ, వివాదానికి కేంద్రమైన భూమీ. రెండో గడిలో ఎవరు, ఏ ప్రభుత్వాన్ని, ఏం చేయమని లేదా ఏం చేయవద్దని అడిగారన్న వివరం. మూడో గడిలో కాంగ్రెస్‌లో ఓట్లు పార్టీల వారీగా చీలాయా, ప్రాంతాల వారీగా చీలాయా అన్న సంగతి. నాలుగో గడిలో ఆ ఘటన తర్వాత రాజీకి ఉన్న దారుల్లో ఏది మూసుకుపోయిందన్నది రాసుకోవాలి. మొదటి మూడూ ఏ మంచి చరిత్ర పుస్తకంలోనైనా దొరికే సమాచారంతో నిండుతాయి. నాలుగో గడిని మాత్రం ఆలోచించి నింపవలసిందే. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ ప్రాంతాల మధ్య విభేదం మొదటి నుంచీ ఉంది. ఆ విభేదాన్ని ఇముడ్చుకోగలిగిన పార్టీలు, చట్టాలు, ఆనవాయితీలు మాత్రం ఒకటొకటిగా పనికిరాకుండా పోయాయి. అవి పోయిన క్రమమే మన నాలుగో గడి.

ఘటనల కన్నా ముందు అంకెలు

చదువు 1820తో మొదలుపెట్టవద్దు. 1793లో ఎలై విట్నీ పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రాన్ని తయారుచేసిన తర్వాత దక్షిణ రాష్ట్రాల వ్యవసాయం ఎలా మారిందో మొదట తెలుసుకోవాలి. 1790లో సుమారు 7 లక్షలుగా ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి సుమారు 39.5 లక్షలకు చేరింది. 1808 నుంచి విదేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధించినా ఈ పెరుగుదల ఆగలేదు. బానిసలకు పుట్టిన పిల్లలూ బానిసలే కావడం, వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల యజమానులు తమ బానిసలను మిసిసిపీ, లూయిజియానాల పత్తి పొలాలకు అమ్ముకోవడం దీనికి కారణం. ఈ అమ్మకాల్లో భార్యాభర్తలు, తల్లీబిడ్డలు విడిపోవడం నిత్యకృత్యంగా ఉండేది. 1860 నాటికి అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. బానిసల ‘మార్కెట్ విలువ’ దేశంలోని రైలుమార్గాలు, కర్మాగారాలలో పెట్టిన పెట్టుబడి మొత్తాన్ని మించిపోయింది. పదిహేను బానిస రాష్ట్రాల్లో ప్రతి నాలుగు శ్వేతజాతి కుటుంబాల్లో సుమారు ఒకదానికి బానిసలున్నారు. దక్షిణ కరొలినా, మిసిసిపీలలో ఈ వాటా దాదాపు సగం. గైడ్లు ఈ అంకెలను పేజీ చివర బాక్సులో వేసి వదిలేస్తాయి. అవి మొదటి పేజీలో ఉండవలసినవని నా అభిప్రాయం.

రెండో జత అంకెలు కాంగ్రెస్‌కు సంబంధించినవి. ప్రతినిధుల సభలో సీట్లు జనాభా ప్రకారం వస్తాయి. బానిసలకు ఓటు లేకపోయినా సీట్లు లెక్కగట్టేటప్పుడు వారి సంఖ్యలో అయిదింట మూడు వంతులను కలుపుకోవడానికి రాజ్యాంగం దక్షిణాదికి వీలు కల్పించింది. ఆ అదనపు బలంతో కూడా దక్షిణాది అక్కడ నానాటికీ వెనుకబడింది, ఎందుకంటే యూరప్ నుంచి వచ్చే వలసలు ఎక్కువగా ఉత్తరాదికే చేరాయి. సెనేట్‌లో మాత్రం రాష్ట్రం చిన్నదైనా పెద్దదైనా రెండే సీట్లు. బానిస రాష్ట్రాలూ స్వేచ్ఛా రాష్ట్రాలూ సమాన సంఖ్యలో ఉన్నంతకాలం తనకు నచ్చని ఏ చట్టాన్నైనా దక్షిణాది సెనేట్‌లో ఆపగలదు. కాబట్టి రాష్ట్ర హోదా ఇంకా రాని పశ్చిమ భూభాగాలు, అంటే టెరిటరీలు, రేపు ఏ పక్షపు రాష్ట్రాలవుతాయన్నది జీవన్మరణ సమస్య అయింది. అక్కడి మూలవాసుల భూములను ఎవరు తీసుకున్నారన్న ప్రశ్నను మాత్రం ఈ రెండు పక్షాల్లో ఏదీ పట్టించుకోలేదు.

పటం మీద గీత

1819 ముగిసేసరికి బానిస రాష్ట్రాలు 11, స్వేచ్ఛా రాష్ట్రాలు 11. మిస్సోరీ రాష్ట్ర హోదా కోరినప్పుడు న్యూయార్క్ సభ్యుడు జేమ్స్ టాల్మడ్జ్ అక్కడ బానిసత్వాన్ని క్రమంగా అంతమొందించాలన్న సవరణ తెచ్చాడు. అది ప్రతినిధుల సభలో గెలిచి సెనేట్‌లో ఓడింది. ఈ ఒక్క ఫలితంతోనే పైన చెప్పిన సీట్ల లెక్క ఎంత నిజమో తెలుస్తుంది. 1820 రాజీ ప్రకారం మిస్సోరీ బానిస రాష్ట్రంగా, మెయిన్ స్వేచ్ఛా రాష్ట్రంగా చేరాయి. ఫ్రాన్స్ నుంచి కొన్న లూయిజియానా భూభాగంలో మిగిలిన చోట 36 డిగ్రీల 30 నిమిషాల ఉత్తర అక్షాంశానికి పైన బానిసత్వం నిషిద్ధమైంది. ఒక పటం తీసుకుని ఈ గీతను సొంత చేత్తో గీయండి. మిస్సోరీ గీతకు పైన ఉన్న మినహాయింపని, గీతకు కింద మిగిలిన భూమి పైన ఉన్నదానితో పోలిస్తే చాలా తక్కువని అప్పుడు కంటికి కనబడుతుంది. వృద్ధుడైన థామస్ జెఫర్సన్ ఆ ఏప్రిల్‌లో ఒక ఉత్తరంలో ఈ వివాదం తనను అర్ధరాత్రి అగ్నిప్రమాద ఘంటలా ఉలికిపడేలా చేసిందని రాశాడు.

అయినా 1820 వరుసలో నాలుగో గడి ఖాళీగానే ఉంటుంది. ఏ దారీ మూసుకుపోలేదు సరికదా, రెండు కొత్త ఉపకరణాలు దొరికాయి: ఒకటి గీత, రెండోది రాష్ట్రాలను జతలుగా చేర్చుకునే ఆనవాయితీ. అర్కాన్సాస్‌కు మిషిగన్, ఫ్లోరిడాకు అయోవా, టెక్సస్‌కు విస్కాన్సిన్ జత అయ్యాయి. 1848 నాటికి లెక్క 15కు 15. అంతేకాక అప్పటి ప్రధాన పార్టీలైన విగ్, డెమోక్రటిక్ పార్టీలు రెండూ రెండు ప్రాంతాల్లోనూ బలంగా ఉండడం వల్ల, గెలవాలనుకున్న ప్రతి నాయకుడూ అవతలి ప్రాంతపు మిత్రుణ్ని నొప్పించకుండా మాట్లాడవలసి వచ్చేది.

1830లను త్వరగా దాటవచ్చు, కానీ రెండు విషయాలు రాసుకోవాలి. దిగుమతి సుంకాల చట్టం తమ రాష్ట్రంలో చెల్లదని 1832లో దక్షిణ కరొలినా ప్రకటించడం, అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ బలప్రయోగానికి సిద్ధపడడం, 1833లో సుంకాలు తగ్గించి రాజీ పడడం మొదటిది. బానిసత్వ వ్యతిరేక అర్జీలను చర్చకు తీసుకోకుండా పక్కన పెట్టాలని 1836లో ప్రతినిధుల సభ నిబంధన చేసుకోవడం రెండోది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ సభ్యుడిగా ఎనిమిదేళ్లు పోరాడి 1844లో దాన్ని రద్దు చేయించాడు. నల్లజాతివారి కష్టాల పట్ల ఏ ఆసక్తీ లేని ఉత్తరాది ఓటర్లకు కూడా, బానిసత్వాన్ని కాపాడడం కోసం తమ అర్జీ హక్కునే తొక్కుతున్నారన్న భావన అప్పుడే మొదలైంది.

ఓట్లను ప్రాంతాల వారీగా విడదీయడం

మెక్సికోతో యుద్ధం మొదలైన కొన్ని నెలలకు, 1846 ఆగస్టులో పెన్సిల్వేనియా డెమోక్రాట్ డేవిడ్ విల్మాట్ ఒక సవరణ ప్రతిపాదించాడు: ఆ యుద్ధంలో గెలిచే ఏ భూమిలోనూ బానిసత్వం ఉండకూడదు. ప్రతినిధుల సభ ఆమోదించింది, సెనేట్ ఆపింది. ఇక్కడి నుంచి మూడో గడి మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. అప్పటిదాకా బ్యాంకులు, సుంకాల మీద ఓట్లు విగ్‌లకూ డెమోక్రాట్లకూ మధ్య చీలేవి. ఈ సవరణ మీద రెండు పార్టీల ఉత్తరాది సభ్యులూ ఒక వైపు, రెండు పార్టీల దక్షిణాది సభ్యులూ మరో వైపు నిలిచారు.

1848లో మెక్సికో నుంచి విశాలమైన భూభాగం వచ్చింది. అదే ఏడు కాలిఫోర్నియాలో బంగారం బయటపడి జనం తండోపతండాలుగా చేరడంతో అది స్వేచ్ఛా రాష్ట్రంగా చేరతానంది. 15–15 లెక్క చెదిరే ఘడియ వచ్చింది. 1850 రాజీని చాలామంది హెన్రీ క్లే కుదిర్చిన ఒప్పందంగా చదువుకుంటారు. నిజానికి అన్ని అంశాలనూ ఒకే బిల్లులో కూర్చిన క్లే ప్రయత్నం జూలై 31న సెనేట్‌లో కూలిపోయింది. ఆ తర్వాత ఇల్లినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో రకం మెజారిటీని కూడగట్టాడు: కాలిఫోర్నియా చేరికకు ఉత్తరాది సభ్యులు, పరారీ బానిసల చట్టానికి దక్షిణాది సభ్యులు, రెండింటికీ తోడుగా రాజీ కోరుకునే కొద్దిమంది. అందువల్ల ఈ రాజీని ఒక్క వరుసలో రాయకుండా, ప్రతి చట్టానికీ వేరే వరుస కేటాయించి ఓట్లు చూడాలి. అలా చూస్తే రెండు ప్రాంతాలూ ఒకదానికొకటి ఏమీ ఒప్పుకోలేదని తెలుస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం జరగని రాజీ అది.

‘రాష్ట్రాల హక్కులు’ అన్న జవాబును పరీక్షించడం

అమెరికా పౌరసత్వ పరీక్షకు సిద్ధమైన తెలుగువారు చాలామందికి 2008 ప్రశ్నల జాబితాలోని 74వ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. అంతర్యుద్ధానికి దారితీసిన ఒక సమస్య చెప్పమంటే బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు అన్న మూడింటిలో ఏది చెప్పినా సరైన జవాబే. పరీక్ష గట్టెక్కడానికి ఇది చాలు. చరిత్ర అర్థం కావడానికి మాత్రం చాలదు, ఎందుకంటే మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని కారణాలన్న అభిప్రాయం కలుగుతుంది. ఆర్థిక కారణాల సంగతి పైన అంకెల్లో చూశాం. రాష్ట్రాల హక్కుల సంగతి తేల్చడానికి మన రెండో గడి ఉంది.

1850 నాటి పరారీ బానిసల చట్టాన్ని తీసుకోండి. పారిపోయి ఉత్తరాది చేరినవారిని పట్టి అప్పగించే బాధ్యతను ఈ చట్టం కేంద్ర కమిషనర్లకు అప్పగించింది. పట్టుబడిన వ్యక్తికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. కమిషనర్ ఆ వ్యక్తిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల రుసుము, విడుదల చేస్తే 5 డాలర్లు. పట్టుకోవడానికి సాయపడమని అధికారి పిలిస్తే మామూలు పౌరుడైనా వెళ్లితీరాలి. ఇలా కేంద్రం చేయి ఉత్తరాది పట్టణాల వీధుల దాకా రావాలని కోరింది దక్షిణాది. దాన్ని అడ్డుకోవడానికి తమ రాష్ట్ర శాసనసభల్లో వ్యక్తి స్వేచ్ఛా చట్టాలు చేసుకున్నవి ఉత్తరాది రాష్ట్రాలు; విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఏకంగా ఈ కేంద్ర చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. 1859లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. రాష్ట్రాల హక్కుల పతాకం ఈ వివాదంలో ఎవరి చేతిలో ఉందో రెండో గడిలో రాసుకుంటే, ఆ సూత్రం రెండు పక్షాలకూ సాధనమే తప్ప లక్ష్యం కాదని తేలిపోతుంది.

ఇదే చోట మరో జాగ్రత్త అవసరం. వాషింగ్టన్‌లో కూర్చున్న సెనేటర్లే ఈ సంక్షోభాన్ని నడిపించారనుకోకూడదు. బానిసలు పారిపోకపోతే ఆ చట్టమే ఉండేది కాదు. 1854లో ఆంథొనీ బర్న్స్ అనే వ్యక్తిని బోస్టన్‌లో పట్టుకున్నప్పుడు, అతణ్ని ఓడ దాకా తీసుకుపోవడానికి సైన్యాన్ని దింపవలసివచ్చింది; అప్పటిదాకా ఎటూ తేల్చుకోని వేలాదిమంది ఆ దృశ్యం చూసి బానిసత్వ వ్యతిరేకులయ్యారు. మేరీలాండ్ బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ పత్రికా సంపాదకుడిగా, వక్తగా ఉత్తరాది అభిప్రాయాన్ని మలిచినవారిలో ముఖ్యుడు. సెనేటర్ డగ్లస్‌తో ఇతణ్ని కలిపేసుకోవద్దు. విద్యార్థులు తరచూ పొరబడేది ఇక్కడే.

1854: ఎక్కువ సమయం కేటాయించవలసిన సంవత్సరం

సమయం తక్కువగా ఉండి ఒక్క సంవత్సరాన్నే లోతుగా చదవగలిగితే 1854ను ఎంచుకోవాలని నేను చెబుతాను. కాన్సాస్, నెబ్రాస్కా ప్రాంతాల్లో టెరిటరీ ప్రభుత్వాలు ఏర్పడితే షికాగో నుంచి పశ్చిమానికి రైలుమార్గం వేయవచ్చని డగ్లస్ ఆశించాడు. ఆ భూమి 1820 గీతకు పైన ఉంది కాబట్టి అక్కడ బానిసత్వం నిషిద్ధం. దక్షిణాది సెనేటర్ల మద్దతు కావాలంటే ఆ నిషేధం పోవాలి. చివరికి నిషేధాన్ని సూటిగా రద్దుచేస్తూ, బానిసత్వం ఉండాలో వద్దో అక్కడ స్థిరపడినవారే తేల్చుకుంటారంటూ చట్టం వచ్చింది. ప్రతినిధుల సభలో 113–100 ఓట్లతో నెగ్గింది. ఈ ఓట్లను విడదీసి చూడండి: ఉత్తరాది విగ్‌లు 45 మందీ వ్యతిరేకించారు; ఉత్తరాది డెమోక్రాట్లు 44 మంది అనుకూలంగా, 42 మంది వ్యతిరేకంగా చీలిపోయారు; దక్షిణాది డెమోక్రాట్లు 57 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం; దక్షిణాది విగ్‌లు 12 మంది అనుకూలం, ఏడుగురు వ్యతిరేకం. అనుకూలంగా ఓటేసిన ఆ 44 మంది ఉత్తరాది డెమోక్రాట్లలో తర్వాతి ఎన్నికల్లో మళ్లీ గెలిచింది ఏడుగురే.

నాలుగో గడి ఇక్కడ కిక్కిరిసిపోతుంది. ముప్పై నాలుగేళ్లుగా నిలిచిన గీత పోయింది. విగ్ పార్టీ జాతీయ పార్టీగా బతకలేకపోయింది. దాని ఉత్తరాది శకలాలు, అసంతృప్తులైన డెమోక్రాట్లు, టెరిటరీల్లో బానిసత్వం వద్దనే స్వేచ్ఛా భూమి పక్షంవారు కలిసి రిపబ్లికన్ పార్టీని కట్టారు. ఒక్క దక్షిణాది ఓటు కూడా లేకుండా అధ్యక్ష పదవి గెలవగల పార్టీ అది. ఇటు డెమోక్రటిక్ పార్టీలో ఉత్తరాది సభ్యులు తగ్గిపోయేసరికి పార్టీ పగ్గాలు దక్షిణాది చేతికి వెళ్లాయి. అంటే ఇకపై ఎవరికీ అవతలి ప్రాంతాన్ని బుజ్జగించవలసిన ఎన్నికల అవసరం లేదు.

స్థానికులే తేల్చుకోవాలన్న సూత్రం వినడానికి ప్రజాస్వామికంగా ఉంటుంది. దాన్ని చదివేటప్పుడు ఒక్క ప్రశ్న వేయాలి: ఎప్పుడు తేల్చుకోవాలి? టెరిటరీ శాసనసభ మొదటి సమావేశంలోనా, రాష్ట్ర హోదా కోరినప్పుడా? ఉత్తరాదివారికి ఒక అర్థం, దక్షిణాదివారికి ఇంకో అర్థం వచ్చేలా దాన్ని కావాలనే అస్పష్టంగా ఉంచారు. కాన్సాస్‌లో దాని ఫలితం తెలిసింది. 1855 ఆరంభంలో తీసిన లెక్క ప్రకారం అక్కడ ఓటర్లు 2,905 మంది. మార్చి ఎన్నికల్లో పడిన ఓట్లు 6,000 పైచిలుకు, ఎందుకంటే మిస్సోరీ నుంచి సాయుధులు సరిహద్దు దాటివచ్చి ఓట్లేసి వెళ్లారు. త్వరలోనే అక్కడ రెండు పోటీ ప్రభుత్వాలు వెలిశాయి. 1856 మే 21న బానిసత్వ వ్యతిరేకుల పట్టణం లారెన్స్‌ను దోచుకున్నారు. మరునాడు వాషింగ్టన్‌లో, కాన్సాస్ మీద తీవ్రమైన ప్రసంగం చేసిన మసాచుసెట్స్ సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ను దక్షిణ కరొలినా సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ సెనేట్ మందిరంలోనే చేతికర్రతో స్పృహ తప్పేలా కొట్టాడు. ఆ తర్వాత రెండు రోజులకు పొటవాటమీ వాగు దగ్గర జాన్ బ్రౌన్ బృందం అయిదుగురు బానిసత్వ పక్షపాతులను చంపింది. ఈ మూడింటినీ వేర్వేరు అధ్యాయాల్లో చదవకుండా ఒకే వారపు ఘటనలుగా ఒకే వరుసలో రాసుకోవాలి. చర్చా వేదిక మీద నమ్మకం ఎంత వేగంగా పోయిందో అప్పుడే తెలుస్తుంది.

కోర్టు మూసిన తలుపు

1846లో సెయింట్ లూయిస్‌లో డ్రెడ్ స్కాట్, అతని భార్య హారియెట్ తమ విముక్తి కోసం దావా వేశారు. స్వేచ్ఛా ప్రాంతాల్లో నివసించాం కాబట్టి తాము స్వేచ్ఛాజీవులమన్నది వారి వాదన. 1857 మార్చి 6న ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ వెలువరించిన తీర్పులో రెండు అంశాలను వేరుచేసి రాసుకోవాలి. నల్లజాతివారు అమెరికా పౌరులు కాలేరన్నది మొదటిది. టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదన్నది రెండోది. ఏడుగురు న్యాయమూర్తులు ఒక వైపు నిలవగా జాన్ మెక్లీన్, బెంజమిన్ కర్టిస్ విభేదించారు. రిపబ్లికన్ పార్టీ పుట్టిందే టెరిటరీల్లో నిషేధం కోసం. ఆ కార్యక్రమమే రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పినట్లయింది. కాంగ్రెస్‌కే లేని అధికారం, కాంగ్రెస్ సృష్టించిన టెరిటరీ శాసనసభకు ఎలా ఉంటుందన్న ప్రశ్నతో, స్థానికులే తేల్చుకోవాలన్న డగ్లస్ సూత్రం కూడా చిక్కులో పడింది.

1858 ఆగస్టులో ఫ్రీపోర్ట్ వాదోపవాదంలో, డగ్లస్ సెనేట్ సీటుకు పోటీపడుతున్న రిపబ్లికన్ లింకన్ అతణ్ని ఈ ప్రశ్నే అడిగాడు. బానిసత్వానికి రక్షణనిచ్చే స్థానిక చట్టాలు చేయకపోతే చాలు, అది అక్కడ నిలవదని డగ్లస్ జవాబిచ్చాడు. అంతకుముందే, కాన్సాస్ మీద బానిసత్వ రాజ్యాంగాన్ని రుద్దే ప్రయత్నంలో అధ్యక్షుడు బుకానన్‌ను ఎదిరించి అతను దక్షిణాదికి దూరమయ్యాడు. ఆ రాజ్యాంగాన్ని ప్రతినిధుల సభ 120–112 తేడాతో తోసిపుచ్చింది. 1859 అక్టోబరులో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద జాన్ బ్రౌన్ దాడి విఫలమై, డిసెంబరు 2న అతణ్ని ఉరితీశాక, దక్షిణాది పత్రికలు ప్రతి రిపబ్లికన్‌లోనూ ఒక జాన్ బ్రౌన్‌ను చూడసాగాయి.

1860 ఎన్నికను రాష్ట్రాల వారీగా చదవడం

ఏప్రిల్‌లో చార్ల్స్‌టన్‌లో జరిగిన డెమోక్రటిక్ మహాసభలో టెరిటరీల్లో బానిసత్వాన్ని కేంద్రమే కాపాడాలన్న డిమాండ్ నెగ్గకపోవడంతో దక్షిణాది ప్రతినిధులు చాలామంది లేచిపోయారు. 57 సార్లు ఓటింగ్ జరిగినా అభ్యర్థి తేలలేదు. చివరికి పార్టీ రెండయింది: ఒక పక్షానికి డగ్లస్, మరో పక్షానికి బ్రెకిన్‌రిడ్జ్. (కేంద్రం జోక్యం కోరుతున్నది మళ్లీ ఎవరో రెండో గడిలో గమనించండి.) నవంబరులో లింకన్‌కు 39.8 శాతం ఓట్లతో 180 ఎలక్టొరల్ ఓట్లు వచ్చాయి. బ్రెకిన్‌రిడ్జ్‌కు 72, కాన్‌స్టిట్యూషనల్ యూనియన్ అనే మరో పార్టీ అభ్యర్థి బెల్‌కు 39, డగ్లస్‌కు 12.

ప్రత్యర్థులు చీలిపోవడం వల్లే లింకన్ గెలిచాడని చాలాచోట్ల చదువుతాం. ఒక చిన్న లెక్క చేసి చూడండి. ముగ్గురు ప్రత్యర్థుల ఓట్లనూ ప్రతి రాష్ట్రంలో కలిపితే లింకన్ కోల్పోయేవి కాలిఫోర్నియా 4, ఒరెగాన్ 3, న్యూజెర్సీలో వచ్చిన 4. అప్పటికీ 169 మిగులుతాయి. గెలవడానికి కావలసినవి 152. అత్యధిక దక్షిణ రాష్ట్రాల్లో అతని పేరు మీద బ్యాలటే లేదు. దక్షిణాది తన ఓట్లన్నీ ఒకే పెట్టెలో వేసినా ఫలితం మారేది కాదన్నమాట. తోటల యజమానులను భయపెట్టింది లింకన్ వ్యక్తిగత అభిప్రాయాలకన్నా ఈ లెక్కే. అప్పటికి స్వేచ్ఛా రాష్ట్రాలు 18, బానిస రాష్ట్రాలు 15. సెనేట్ కూడా ఇక తమది కాదు.

వేర్పాటువాదుల మాటలను తేదీలతో సహా చదవడం

కారణం ఏమిటన్న వాదన వచ్చినప్పుడు, విడిపోయినవారు ఆ రోజు రాసుకున్న పత్రాలకే వెళ్లాలి. దక్షిణ కరొలినా, మిసిసిపీ, జార్జియా, టెక్సస్ తమ కారణాలను ప్రకటనలుగా అచ్చువేశాయి. అవన్నీ నేడు ఉచితంగా చదువుకోవచ్చు. ప్రపంచంలోకెల్లా గొప్ప భౌతిక ప్రయోజనమైన బానిసత్వ వ్యవస్థతో తమ స్థితి పూర్తిగా ముడిపడి ఉందని మిసిసిపీ ప్రకటన మొదట్లోనే చెబుతుంది. దక్షిణ కరొలినా ప్రకటన రాష్ట్రాల సార్వభౌమత్వం గురించి సుదీర్ఘంగా వాదించి, ఆ వెంటనే పరారీ బానిసలను అప్పగించని ఉత్తరాది రాష్ట్రాలనూ, బానిసలతో తమ భూమి మీదుగా ప్రయాణించడాన్ని కూడా అనుమతించని న్యూయార్క్‌నూ తప్పుపడుతుంది. 1861 మార్చి 21న సవానాలో, విడిపోయిన రాష్ట్రాల కూటమి అయిన కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్, తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి జాతుల అసమానత్వమేనని ప్రకటించాడు. యుద్ధంలో ఓడిపోయాక ఇదే స్టీఫెన్స్, కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ రాసినవాటిలో వాదన రాజ్యాంగ సూత్రాల వైపు మళ్లింది. అందుకే ఏ పత్రం చేతికొచ్చినా అది 1865కు ముందుదా, తర్వాతిదా అని చూడకుండా ఉదహరించకూడదు.

ఇదే నియమం ఉత్తరాదికీ వర్తిస్తుంది. విడిపోవడానికి కారణం బానిసత్వమైనంత మాత్రాన, ఉత్తరాది బానిసత్వ నిర్మూలన కోసమే యుద్ధంలోకి దిగిందని అర్థం కాదు. రాష్ట్రాల్లో ఉన్న బానిసత్వాన్ని కాంగ్రెస్ ఎన్నటికీ తాకకూడదన్న రాజ్యాంగ సవరణను 1861 మార్చిలో, దక్షిణాది సభ్యులు చాలామంది వెళ్లిపోయాక కూడా, కాంగ్రెస్ ఆమోదించింది. తొలి ప్రసంగంలో లింకన్ దానికి అభ్యంతరం చెప్పలేదు. విముక్తి ప్రకటన 1863 జనవరి 1 నాటిది. అది యుద్ధం నడిచిన తీరు నుంచి పుట్టింది.

మరి లింకన్ ఒప్పుకోనిదేమిటి? కెంటకీ సెనేటర్ జాన్ క్రిటెండెన్ 1860 డిసెంబరులో పాత గీతను పసిఫిక్ తీరం దాకా పొడిగిద్దామన్నాడు. అన్నిటా సర్దుకోవచ్చు కానీ బానిసత్వ విస్తరణ మీద రాజీ వద్దని లింకన్ తన పార్టీ సభ్యులకు ఉత్తరాలు రాశాడు. ఎన్నికల్లో గెలిచిన కార్యక్రమాన్ని పదవి చేపట్టకముందే వదులుకుంటే పార్టీకే అర్థం లేదు. 1820 నాటి ఉపకరణాన్ని క్రిటెండెన్ మళ్లీ బయటికి తీశాడు గాని, దాన్ని పట్టుకోవడానికి రెండు ప్రాంతాల్లోనూ ఉండే పార్టీ అప్పటికి ఒక్కటీ లేదు.

చివరి అభ్యాసంగా ఒక కాగితం మీద రాష్ట్రాలను, 1860 జనాభాలో బానిసల శాతాన్ని, విడిపోయిన తేదీని పక్కపక్కన రాయండి. దక్షిణ కరొలినా 57 శాతం, 1860 డిసెంబరు 20. మిసిసిపీ 55 శాతం, 1861 జనవరి 9. ఆ నెలలోనే పోయిన ఫ్లోరిడా, అలబామా, జార్జియా, లూయిజియానాలు 43 నుంచి 47 శాతం మధ్య. ఏప్రిల్ 12న చార్ల్స్‌టన్ రేవులోని కేంద్ర సైన్యపు కోట ఫోర్ట్ సమ్టర్ మీద కాన్ఫెడరసీ కాల్పులు జరిపి, 15న లింకన్ 75,000 మంది సైనికుల కోసం పిలుపునిచ్చాకే వెళ్లిన వర్జీనియా 31, టెనెసీ 25, అర్కాన్సాస్ 26 శాతం. అసలు వెళ్లని కెంటకీ 20, మేరీలాండ్ 13, మిస్సోరీ 10, డెలవేర్ 2 శాతం లోపు. ఈ వరుసకు లొంగని జత ఒకటుంది: 30 శాతమే ఉన్న టెక్సస్, వేర్పాటును వ్యతిరేకించిన గవర్నర్ శామ్ హూస్టన్‌ను కాదని ఫిబ్రవరి 1నే తీర్మానం చేస్తే, 33 శాతమున్న ఉత్తర కరొలినా మే 20 దాకా ఆగింది. శాతాలు చెప్పలేని ఆ తేడాకు జవాబు రెండు రాష్ట్రాల్లోని పత్తి విస్తీర్ణంలోనూ, వర్జీనియా, టెనెసీల్లోలాగే ఉత్తర కరొలినాలోనూ డెమోక్రాట్లకు దీటుగా బతికివున్న పాత విగ్ పక్షంలోనూ వెతకాలి.